ఏప్రిల్‌లో మొరాయించే కండెన్సర్: ఒక సాల్వెంట్ రికవరీ ప్లాంట్‌లో ఫౌలింగ్ కేస్ స్టడీ

హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో, వాడిన సాల్వెంట్‌ని మరిగించి మళ్లీ పట్టుకునే సాల్వెంట్ రికవరీ బ్లాకులో పనిచేసినవాళ్లకి ఈ వరస బాగా తెలుసు. మార్చి ఆఖరుకి కండెన్సర్ (సాల్వెంట్ ఆవిరిని చల్లబరిచి ద్రవంగా మార్చే పరికరం) నుంచి వచ్చే మెథనాల్ వేడిగా రావడం మొదలవుతుంది. మిగిలిన ఆవిరిని పట్టే వెంట్ కండెన్సర్ మీద లోడ్ పడుతుంది, దానికి చల్లటి ఉప్పునీళ్లు ఇచ్చే బ్రైన్ చిల్లర్ ఆగకుండా తిరుగుతుంది. చివరికి సాల్వెంట్‌ని మరిగించి వేరుచేసే కాలమ్‌కి ఫీడ్ తగ్గిస్తారు. లాగ్‌బుక్‌లో కారణం దగ్గర "సమ్మర్" అని రాస్తారు. హైడ్రోజెట్ (అధిక పీడనపు నీళ్లతో కడిగే) వాళ్లని పిలిచి ట్యూబులు కొట్టిస్తే రెండు మూడు నెలలు బాగుంటుంది. తర్వాత మళ్లీ మామూలే.

నేను రాస్తున్నది అలాంటి ఒక కండెన్సర్ గురించి. ఫ్యాక్టరీ పేరు చెప్పను. అంకెలు దగ్గరి విలువలకి సరిచేసి ఇస్తున్నాను. ట్యూబుల్లో పొర పేరుకోవడాన్ని ఫౌలింగ్ అంటారు. ట్యూబులు కడిగించడాన్నే మన దగ్గర ఫౌలింగ్ మేనేజ్‌మెంట్ అనుకుంటారు. ట్యూబులో ఏం పేరుకోవాలో, ఎంత వేగంగా పేరుకోవాలో నీళ్లని మనం నడిపే తీరే చాలావరకు నిర్ణయిస్తుందని ఈ కేసులో తేలింది. అందుకే లెక్కలతో సహా రాస్తున్నాను.

పరికరం

అడ్డంగా ఉండే షెల్ అండ్ ట్యూబ్ కండెన్సర్. షెల్ వైపు (ట్యూబుల బయట) మెథనాల్ ఆవిరి, ట్యూబుల్లో కూలింగ్ టవర్ నీళ్లు, రెండు పాస్‌లు (నీళ్లు ఒకసారి వెళ్లి, మళ్లీ తిరిగి వస్తాయి). ఎస్‌ఎస్ 316 ట్యూబులు 168. బయటి వ్యాసం 19.05 మి.మీ., మందం 1.65 మి.మీ., పొడవు 3 మీటర్లు. అంటే 30 చదరపు మీటర్ల ఏరియా. గంటకి 2000 కిలోల ఆవిరిని 64.7 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చాలి. కిలోకి దాదాపు 1100 కిలోజౌళ్ల గుప్తోష్ణం వేసుకుంటే 610 కిలోవాట్ల డ్యూటీ, అంటే తీసేయాల్సిన వేడి. దానికి డిజైన్‌లో గంటకి 105 క్యూబిక్ మీటర్ల నీళ్లు ఇచ్చారు. లోపలికి 32 డిగ్రీలు, బయటికి 37. ట్యూబులో వేగం సెకనుకి 1.8 మీటర్లు. కాగితం మీద మంచి డిజైన్. వంక పెట్టడానికి ఏమీ లేదు.

నిజంగా ఎండ వల్లేనా?

ముందు ఈ "సమ్మర్" సంగతి తేల్చుకోవాలి. కూలింగ్ టవర్ నీటి చల్లదనం బయటి గాలి ఉష్ణోగ్రతని బట్టి ఉండదు, వెట్ బల్బ్‌ని (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే ఉష్ణోగ్రతని) బట్టి ఉంటుంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం 40 డిగ్రీలు ఉన్నా మన గాలి పొడిగా ఉంటుంది, కాబట్టి వెట్ బల్బ్ అంత పెరగదు. వానలు పడ్డాక ఒళ్లు చల్లబడుతుంది గానీ వెట్ బల్బ్ తగ్గదు, ఇంకాస్త పెరుగుతుంది కూడా. టవర్ లాగ్ తీసి చూస్తే ఏప్రిల్‌లోనూ జులైలోనూ సప్లై నీళ్లు 30 డిగ్రీల అటూఇటుగానే ఉన్నాయి. డిజైన్ 32 కన్నా అది మెరుగే. అలాంటప్పుడు కండెన్సర్ ఏప్రిల్‌లో ఎందుకు చతికిలబడాలి?

ఎండాకాలం టవర్ దగ్గర చేసే పని వేరే ఉంది. బోర్లు అడుగంటుతాయి, ట్యాంకర్లు మొదలవుతాయి. నీళ్ల కరువులో ఎవరి కన్నయినా ముందు పడేది బ్లోడౌన్ వాల్వ్, అంటే టవర్‌లో చిక్కబడిన నీళ్లని కొంత బయటికి వదిలేది. దాన్ని మూసేస్తారు. అసలు జీరో లిక్విడ్ డిశ్చార్జ్ (చుక్క మురుగునీరు బయటికి పోకూడదనే) నిబంధన ఉన్న ప్లాంట్‌లో ఏ కాలంలోనైనా బ్లోడౌన్ అంటే ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంట్) వాళ్లకి ఇష్టం ఉండదు. వదిలిన ప్రతి లీటరూ ఆర్‌ఓకి, అక్కణ్ణుంచి నీటిని మరిగించి ఆవిరి చేసే మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్‌కి పోవాలి, దానికి ఆవిరి ఖర్చు. అలా టవర్ నీళ్లు చిక్కబడుతూ పోతాయి. ఎండ చేసే నష్టం ఈ దారిన వస్తుంది.

కొలిచింది ఏమిటి

కండెన్సర్ నీటి లైన్‌కి ఫ్లోమీటర్ లేదు. పైపు మీద బయట తగిలించే అల్ట్రాసోనిక్ మీటర్ అద్దెకి తెప్పించాం. అది చూపించిన అంకె గంటకి 42 క్యూబిక్ మీటర్లు. డిజైన్‌లో 40 శాతం. ట్యూబులో వేగం 1.8 బదులు 0.7.

అవుట్‌లెట్ బటర్‌ఫ్లై వాల్వ్ హ్యాండిల్ మూడోవంతు దగ్గర నిలబడి ఉంది. ఆ నాచ్ చుట్టూ పెయింట్ అరిగిపోయి మెరుస్తోంది, అంటే అది ఎప్పుడూ ఉండే చోటు అదే. షిఫ్ట్ ఇన్‌చార్జిని అడిగితే దాచుకోకుండా చెప్పాడు: "మొత్తం తెరిస్తే రియాక్టర్ బ్లాకుకి ప్రెషర్ పడిపోతుంది సార్. వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. పైగా కడిగిన కొత్తలో ఇంతకన్నా తెరవక్కర్లేదు, మెథనాల్ చల్లగానే వస్తుంది."

అతను చెప్పింది అక్షరాలా నిజం. కడిగిన కొత్తలో 42 క్యూబిక్ మీటర్లతో నీళ్లు 32 నుంచి 44.5 దాకా వేడెక్కుతాయి. ఆవిరికీ నీళ్లకీ మధ్య సగటు ఉష్ణోగ్రత తేడా (లాగ్ మీన్) 26 డిగ్రీలు. పూర్తి డ్యూటీకి కావలసిన యు విలువ (వేడిని దాటించే సామర్థ్యం) చదరపు మీటరుకి, డిగ్రీకి 785 వాట్లు. శుభ్రమైన ట్యూబుతో ఆ వేగం దగ్గర లెక్క కడితే 1060 దాకా వస్తుంది. కాబట్టి బాగానే నడుస్తుంది. డిజైన్‌లో ఫౌలింగ్ కోసం అదనంగా ఇచ్చిన ఏరియా ఉందే, అది కొత్తలో మిగులుగా కనిపిస్తుంది. ఆ మిగులుని ఆపరేటర్ నీళ్లు తగ్గించి వాడుకుంటాడు. అతని తప్పేమీ లేదు. ప్లాంట్ మొత్తం అతన్ని అటే తోస్తోంది.

ఆ పొదుపుకి ట్యూబు లోపల ఏం జరుగుతుందో చూడండి. గోడని రాసుకుంటూ పోయే నీటి ఒరిపిడి వేగానికి దాదాపు 1.75 ఘాతంతో మారుతుంది. వేగం 40 శాతానికి తగ్గితే ఒరిపిడి ఐదో వంతుకి పడిపోతుంది. గోడకి అంటుకున్న బురదనీ పాచినీ ఊడగొట్టే బలం అదే. ఇంకోవైపు గోడ ఉష్ణోగ్రత పెరుగుతుంది. పూర్తి ఫ్లోలో అవుట్‌లెట్ దగ్గర ట్యూబు లోపలి గోడ సుమారు 40 డిగ్రీలు ఉండేది, ఇప్పుడు 51. చక్కెర, ఉప్పు వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతాయి. కాల్షియం కార్బొనేట్ తిరగబడిన సరుకు, వేడెక్కే కొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే అది మొత్తం నీళ్లని వదిలేసి వేడిగా ఉన్న గోడనే వెతుక్కుని అక్కడే గట్టిపడుతుంది. టెమా (హీట్ ఎక్స్ఛేంజర్ తయారీదారుల సంఘం) పట్టికల్లో కూలింగ్ నీళ్లకి ఫౌలింగ్ ఫ్యాక్టర్ (పేరుకునే పొర వేడికి పెట్టే అడ్డం) ఇచ్చేటప్పుడు వేగం సెకనుకి 3 అడుగులు దాటిందా లేదా అని విడిగా గడులు పెట్టింది ఊరికే కాదు. మన కండెన్సర్ డేటాషీట్ ఆ గీతకి పైన, నడుస్తున్న కండెన్సర్ కింద.

మొరాయించిన రోజుల లెక్క ఇది. డ్యూటీ 460 కిలోవాట్లకి పడిపోయింది. నీళ్లు 30 నుంచి 39.4 దాకా వేడెక్కుతున్నాయి. యు విలువ 515. శుభ్రమైన 1060తో పోలిస్తే వేడికి అదనంగా చేరిన అడ్డం ఎస్‌ఐ యూనిట్లలో 0.001. గట్టి సున్నపు పొర ఉష్ణవాహకత మీటరుకి, డిగ్రీకి 2.2 వాట్లు అనుకుంటే, ఈ అడ్డానికి 2 మి.మీ. పైన పొర ఉండాలి.

బానెట్ (నీటి వైపు మూత) తెరిచినప్పుడు అంత లేదు.

తెరిచి చూస్తే

తెరవడం గురించి ఒక మాట ముందే చెప్పాలి. మెథనాల్ ఫ్లాష్ పాయింట్ 11 డిగ్రీలు. మన ఊళ్లలో ఏడాది పొడుగునా అది అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. పట్టపగలు దాని మంట కంటికి ఆనదు. నీటి వైపే కదా తెరుస్తున్నాం అని షెల్ వైపు ఖాళీ చేయకుండా, లైన్‌కి అడ్డు ప్లేటు (బ్లైండ్) వేయకుండా, నైట్రోజన్‌తో పర్జ్ చేయకుండా బోల్టులు విప్పే చోట్లు చూశాను. ఒక ట్యూబ్ లీక్ ఉంటే చాలు, ఆవిరి బానెట్‌లోకి వస్తుంది. గ్యాస్ టెస్ట్, పర్మిట్ లేకుండా స్పానర్ ముట్టుకోవద్దు.

లోపల మూడు రకాల సరుకు ఉంది. ఇన్‌లెట్ పాస్‌లో గోధుమరంగు జిగురు పాచి. వేలితో రాస్తే జారిపోతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే చెరువు బురద వాసన. అవుట్‌లెట్ పాస్‌లో, చివరి మీటరులో, కోడిగుడ్డు పెంకులా గట్టి తెల్లపొర, అది 0.7 మి.మీ. మందం. మూడోది ట్యూబుల మూతుల దగ్గర: కూలింగ్ టవర్ లోపల నీళ్లని పరిచే ఫిల్ నుంచి విరిగి వచ్చిన పీవీసీ ముక్కలు గోళ్లంత సైజులో అడ్డంగా ఇరుక్కుని, పదిపదిహేను ట్యూబుల్ని దాదాపు మూసేశాయి.

పెంకు ముక్క ఒకటి తీసి భూతద్దం కింద పెట్టి చూశాం. ఒక తెల్ల గీత, ఒక గోధుమ గీత, మళ్లీ తెల్లది, మళ్లీ గోధుమ. సున్నం ఒక్కటే ఉంటే అలా ఉండదు. పాచి పట్టిన చోట నీళ్లు నిలిచి సున్నం పేరుకుంది, గరుకైన సున్నం మీద మళ్లీ పాచి పట్టింది. పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుసబుసమని పొంగింది, కాబట్టి కార్బొనేట్. పొంగు ఆగాక అడుగున మిగిలిన పొడిలో ఎక్కువ సిలికా. పాచి శాంపిల్‌ని ఆరబెట్టి 550 డిగ్రీల దగ్గర కాల్చితే బరువు సగం పైన పోయింది, అదంతా సేంద్రియ పదార్థం.

ఇప్పుడు లెక్క కుదిరింది. 0.7 మి.మీ. సున్నం ఇచ్చే అడ్డం 0.0003 చిల్లర. తడి పాచి ఉష్ణవాహకత నీళ్లకి దగ్గరగా, 0.6. 0.4 మి.మీ. పాచి చాలు, 0.0007 వస్తుంది. రెండూ కలిపితే 0.001. మా ప్లాంట్‌లో అందరూ "ట్యూబులకి సున్నం పట్టింది సార్" అనే అనేవాళ్లు, ఎందుకంటే గట్టిగా కనపడేది అదే. మూడింట రెండు వంతుల నష్టం చేస్తున్నది పలచగా జారిపోయే పాచి. బానెట్ తెరిచి ఎండలో వదిలేస్తే అది ఆరిపోయి, పొడిపొడిగా రాలి, లెక్కలోకే రాకుండా పోతుంది. అందుకే తెరిచిన గంటలోనే శాంపిల్ తీయాలి. జెట్ వాళ్లు వచ్చేదాకా ట్యూబుల్ని తడిగా ఉంచాలి కూడా, ఆరిన పాచి గట్టిపడితే కొట్టడం ఇంకా కష్టం.

తప్పిపోయిన కాల్షియం

టవర్ నీళ్ల రిపోర్టు ప్రతి వారం వచ్చేది, ఫైల్లోకి పోయేది. అన్నీ లిమిట్లలోనే ఉన్నాయని టిక్ పెట్టేవాళ్లు. నేను చూసింది ఒక్కటే: మేకప్ నీళ్లతో (టవర్‌లోకి కొత్తగా పోసే నీళ్లతో) పోలిస్తే టవర్‌లో ఏది ఎన్ని రెట్లు చిక్కబడింది?

బోరు నీళ్లలో క్లోరైడ్ (లీటరుకి మి.గ్రా.) 90, టవర్‌లో 560. 6.2 రెట్లు. క్రిముల కోసం హైపో (క్లోరిన్ ద్రావణం) వేస్తే క్లోరైడ్ దొంగగా పెరుగుతుంది కాబట్టి మెగ్నీషియంతో సరిచూశాం, 5.9 రెట్లు. సరిపోయింది. కాల్షియం మాత్రం కార్బొనేట్ లెక్కలో బోరులో 180, టవర్‌లో 720. నాలుగే రెట్లు. 1080కి పైన ఉండాల్సింది 720 ఉంది. మిగతాది ఎక్కడికి పోయింది? అది టవర్‌లో లేదు, బ్లోడౌన్‌లో పోలేదు. ఎక్కడో గోడలకి అంటుకుంటోంది. బానెట్ విప్పకుండానే స్కేల్ పెరుగుతున్న సంగతి చెప్పే పరీక్ష ఇది, ఖర్చు ఏమీ లేదు. ఈ రెండు నిష్పత్తుల మధ్య ఎడం పెరిగితే ఆ వారమే కదలాలి. సిలికా కూడా అంతే. బోరులో 35 ఉంటే ఆరు రెట్లకి 210. సాధారణంగా పెట్టుకునే 150 హద్దు ఎప్పుడో దాటేసింది. మన గ్రానైట్ నేలల బోరు నీళ్లతో నడిచే టవర్లలో సిలికాని మర్చిపోకూడదు. కార్బొనేట్ అయితే యాసిడ్‌తో పోతుంది, గాజులా పట్టిన సిలికా పోదు.

పాచికి తిండి ఎక్కడిది? ఎవాపరేటర్ కండెన్సేట్‌ని నీళ్లు ఆదా అవుతాయని నేరుగా టవర్‌లోకి వదులుతున్నారు. తేలిగ్గా మరిగే సాల్వెంట్ల జాడలన్నీ ఆ కండెన్సేట్‌లోనే వస్తాయి. సూక్ష్మజీవులకి మెథనాల్ విందుభోజనం. పీహెచ్ 8.5 దగ్గర హైపో కూడా సరిగా పనిచేయదు. క్రిములని చంపే హైపోక్లోరస్ ఆమ్లం ఆ పీహెచ్‌లో పదో వంతే మిగులుతుంది.

చేసినవి

ముందు శుభ్రం చేశాం. హైడ్రోజెట్‌తో పాచి, ముక్కలు పోయాయి. గట్టి పొరకి 5 శాతం సల్ఫామిక్ యాసిడ్‌ని లోహాన్ని కాపాడే ఇన్హిబిటర్‌తో కలిపి తిప్పాం. స్టెయిన్‌లెస్ ట్యూబుల్లో హైడ్రోక్లోరిక్ యాసిడ్ వద్దని గట్టిగా పట్టుబట్టాను. కాంట్రాక్టర్‌కి అది చవక, మనకి ట్యూబుల్లో పిట్టింగ్ (చిన్న గుంటలుగా తినేయడం). సల్ఫామిక్‌ని 60 డిగ్రీలు దాటనివ్వకూడదు. దాటితే అది విడిపోయి సల్ఫేట్ అవుతుంది, కాల్షియం సల్ఫేట్ పట్టిందంటే మళ్లీ కొత్త తలనొప్పి.

అసలు పని నీళ్ల పంపకం. కండెన్సర్ వాల్వ్ పూర్తిగా తెరిచి హ్యాండిల్ లాక్ చేయాలన్నాం. రియాక్టర్ బ్లాకు నుంచి గొడవ వస్తుందని తెలుసు, అందుకే ముందు అక్కడికే వెళ్లి లైన్లన్నీ నడిచి చూశాం. ఖాళీగా ఉన్న రియాక్టర్ల జాకెట్లలో నీళ్లు ఊరికే తిరుగుతున్నాయి. బ్యాచ్ అయిపోయాక వాల్వ్ మూసే అలవాటు లేదు. అవి మూయించి, కరెంటు ఆదా కోసం ఆపేసిన రెండో పంపుని మధ్యాహ్నం షిఫ్టులో నడిపితే హెడర్ (అందరికీ నీళ్లు పంచే పెద్ద పైపు) ప్రెషర్ నిలబడింది. కండెన్సర్‌కి 100 క్యూబిక్ మీటర్లు అందాయి.

దీనికి ఖర్చు లేదని అనను. రెండో పంపు కరెంటు ఉంది. మెథనాల్ మరీ చల్లగా వచ్చి, ఆ చల్లటి రిఫ్లక్స్‌ని (కాలమ్‌లోకి తిరిగి పంపే భాగాన్ని) మళ్లీ మరిగించడానికి కాలమ్ అడుగున ఉండే రీబాయిలర్‌లో ఆవిరి ఎక్కువ పడుతుంది. ఇంకో 20 డిగ్రీలు చల్లబడితే కిలోకి 50 కిలోజౌళ్లు, అంటే గుప్తోష్ణంలో 5 శాతం లోపు, అదీ రిఫ్లక్స్ వాటాకే. నెలలతరబడి కాలమ్ ఫీడ్ తగ్గించి నడపడంతో పోలిస్తే ఇది ఎక్కువేం కాదు.

బ్లోడౌన్ దగ్గర ఈటీపీ హెడ్‌తో వాదన చాలా రోజులు నడిచింది. ఆరు రెట్ల నుంచి నాలుగుకి దింపితే బ్లోడౌన్ ఆవిరయ్యే నీటిలో 20 శాతం నుంచి 33 శాతానికి పెరుగుతుంది. ఆయన ఒప్పుకోలేదు, ఆయన స్థానంలో ఉంటే నేనూ ఒప్పుకోను. దారి ఆయన దగ్గరే దొరికింది. ఈటీపీ ఆర్‌ఓ పర్మియేట్ (వడగట్టిన నీళ్లు) గార్డెన్‌కి పోతోంది. మేకప్‌లో మూడోవంతు ఆ నీళ్లు కలిపితే కాల్షియం 120కి, సిలికా 23కి దిగుతాయి. ఆరు రెట్లు నడిపినా టవర్‌లో 720, 140. బ్లోడౌన్ పెరగలేదు, హద్దులు దాటలేదు. ఒక జాగ్రత్త తీసుకున్నాం: పర్మియేట్ లాంటి మెత్తని నీళ్లు కార్బన్ స్టీల్ పైపుల్ని తింటాయి, కాబట్టి ఇన్హిబిటర్ మోతాదు పెంచి, హెడర్‌లో తుప్పు ఎంతో చూపే కొరోజన్ కూపన్లు పెట్టాం. ఎవాపరేటర్ కండెన్సేట్‌ని టవర్ నుంచి తప్పించి బయలాజికల్ ట్రీట్‌మెంట్‌కి మళ్లించాం. హైపోకి బ్రోమైడ్ జత చేశాం, ఆ పీహెచ్‌లో బ్రోమిన్ సగం పైన పనిలో ఉంటుంది.

ఇన్‌లెట్‌లో బాస్కెట్ స్ట్రైనర్, నాలుగు వాల్వులతో బ్యాక్‌ఫ్లష్ అమరిక వచ్చాయి. వారానికొకసారి నీళ్లు ఉల్టా తిప్పితే పీవీసీ ముక్కలు బయటికి వచ్చేస్తున్నాయి.

తర్వాత

ఇన్‌లెట్, అవుట్‌లెట్ ప్రెషర్‌కి ఒకే గేజ్‌ని రెండు ట్యాపింగుల మధ్య మార్చి చదువుతున్నారు. రెండు గేజ్‌లు పెడితే వాటి తేడాయే కొలతని మింగేస్తుంది. ఎస్‌ఎస్ పైపు మీద టెంపరేచర్ గన్ తప్పు చూపిస్తుందని, కొలిచే చోట నల్ల టేప్ అంటించాం. షిఫ్టుకి ఒకసారి ఈ అంకెలు షీట్‌లో వేస్తే ఫౌలింగ్ అడ్డం దానంతటదే గ్రాఫ్‌లో పడుతుంది. ఇప్పుడు లాగ్‌బుక్‌లో "సమ్మర్" అని రాయడానికి గడి లేదు.

గ్రాఫ్ ఆకారాన్నే నేను ఎక్కువగా చూస్తాను. 1959లో కెర్న్, సీటన్ ఇద్దరూ చెప్పిన మోడల్ ఇప్పటికీ పనికొస్తుంది: పేరుకునేది, ఊడిపోయేది సమానమైన చోట గీత పడుకుంటుంది. ఇంతకుముందు మా గీత ఆగకుండా ఎక్కేది. వేగం పెరిగాక మొదట్లో కొంచెం లేచి, 0.0003 దగ్గర వంగి, అక్కడక్కడే తిరుగుతోంది. ఇప్పటి ఫ్లోలో ఈ కండెన్సర్ 0.0007 దాకా తట్టుకుంటుంది. తర్వాతి ఏప్రిల్‌లో కాలమ్ పూర్తి ఫీడ్ మీద నడిచింది. ఏడాది షట్‌డౌన్‌లో తెరిస్తే పాచి దాదాపు లేదు, అవుట్‌లెట్ చివర్లో పొడిలాంటి పలచని పొర ఉంది. జెట్ అక్కర్లేకుండా నైలాన్ బ్రష్‌తోనే వచ్చేసింది.

పాత పెంకు కింద పట్టిన సిలికా మచ్చలు కొన్ని ట్యూబుల్లో అలాగే ఉన్నాయి. వాటికి అమ్మోనియం బైఫ్లోరైడ్ వాడదామన్నారు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టే పనిని, తర్ఫీదు లేని కూలీలతో, ఆ కొద్దిపాటి లాభం కోసం చేయించడానికి నేను ఒప్పుకోలేదు. రియాక్టర్ జాకెట్ల సంగతి కూడా మిగిలే ఉంది. అక్కడికి జెట్ పోదు, అదే నీళ్లు అంతకన్నా నెమ్మదిగా తిరుగుతాయి.

ఈలోగా రెండో కాలమ్‌కి కొత్త కండెన్సర్ కొనే ఫైలు వచ్చింది. కొటేషన్‌లో ఫౌలింగ్ కోసమని 25 శాతం ఏరియా ఎక్కువ వేశారు, ట్యూబు వేగం 0.9కి దిగింది. ఏరియా ఎక్కువ, ధర అంతే, తీసేసుకుందామని పర్చేజ్ వాళ్లు అన్నారు. అదనపు ట్యూబులు తీసేయించి, నాలుగు పాస్‌లు చేయించి, డేటాషీట్‌లో ఫౌలింగ్ ఫ్యాక్టర్ గడి పక్కనే "నడకలో కనీస వేగం 1.5" అని రాయించాను. దానికి 0.3 బార్ ప్రెషర్ డ్రాప్ పడుతుంది. ఆ మేరకు పంపు హెడ్ ఉందో లేదో చూసుకునే సంతకం పెట్టాం.